జుకామ్: ఒక పాత రిసాలా, మన పిల్లల ముక్కు

పిల్లల ముక్కు కారితే మన ఇళ్లలో దాదీలు, నానీలు ‘జుకామ్ హోగయా’ అనేస్తారు. ఆ మాట వెయ్యేళ్ల కింద ఒక కితాబు పేరులోనే ఉంది.

ఇరాన్‌లోని రయ్ షహర్‌లో సుమారు 865లో పుట్టిన హకీమ్ అబూ బక్ర్ రాజీ బగ్దాద్‌లోనూ దవాఖానా నడిపారు. అబూ జైద్ బల్ఖీ అనే ఆలిమ్‌కు బహార్ మౌసమ్‌లో గులాబీ వాసన చూస్తే జుకామ్ ఎందుకొస్తోందో వివరిస్తూ ఆయన అరబీలో ఒక రిసాలా రాశారు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఆ అరబీ పేరులో ‘జుకామ్’ కనబడగానే మన ఇంటి మాటే అనిపించింది.

1819లో లండన్ డాక్టర్ జాన్ బోస్టాక్ తన సొంత మర్జ్ గురించే రాశారు. ఏటా ఎండాకాలంలో కళ్ల దురద, తుమ్ములు. అవి మొదలైంది ఎనిమిదేళ్ల వయసులో; రాసేనాటికి ఆయనకు 46. ఒక పిల్లాడి తక్లీఫ్ కాగితం మీదికి రావడానికి అన్నేళ్లు పట్టింది! 1873లో చార్లెస్ బ్లాక్లీ తన మీదే తజుర్బాలు చేసుకుని, దీనికి సబబ్ పుప్పొడి అని చూపారు. ‘అలర్జీ’ అనే మాట 1906లో వియన్నా డాక్టర్ పిర్కే ఇచ్చారు.

వాసన పట్టే కణాలు ముక్కులో బాగా పైన ఉంటాయి. అలర్జీతో లోపలి పొర వాచిపోతే గాలి అక్కడిదాకా పోదు. వాపు ఆ కణాల పనికీ అడ్డొస్తుంది. తిండి రుచిలో పెద్ద హిస్సా వాసనదే. పెద్దవాళ్లకు ఖుష్బూ తగ్గితే వెంటనే తెలుస్తుంది. చిన్నప్పటి నుంచే ముక్కు మూసుకుపోయిన పిల్లాడికి పోల్చుకోవడానికి ఏముంది? ‘నాకు వాసన రావట్లేదు’ అని వాడు చెప్పడు, ప్లేటు పక్కకు నెడతాడు. మనమేమో నఖ్రాలంటాం. గ్యాస్ లీకైనా, పాలు విరిగినా వాడికి తెలియకపోవచ్చు.

అందుకే అమ్మీ, అబ్బాలకు నా గుజారిష్: కళ్లు మూయించి నారింజ తొక్క, పుదీనా, ఏలకులు వాసన చూపించండి. పోల్చలేకపోతే, నోటితో గాలి పీలుస్తూ నిద్రపోతుంటే డాక్టర్‌కు చూపించండి. వాపు తగ్గితే చాలామందికి వాసన తిరిగొస్తుంది. అప్పటిదాకా లోబాన్, అగర్‌బత్తీల ధువాన్ పిల్లలకు దూరంగా ఉంచండి. పరుపు, దిండు గలేఫులు వేడినీళ్లతో ఉతకండి.

గులాబీతో వచ్చే జుకామ్‌ను రాజీ మామూలే అని వదిలేయలేదు. మనమూ వదిలేయొద్దు.