స్వేచ్ఛావాద ఆన్‌లైన్ సమాజాల్లో మోడరేషన్ వివాదాలు

పెత్తనాన్ని అంగీకరించబోమంటూ ఏర్పడిన ఆన్‌లైన్ సమాజాల్లో ఎవరి రాత తీసేయాలి, ఎవరిని వెలివేయాలి, ఆ మాట చెప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలపై 1970ల చివరి నుంచి తగాదాలు నడుస్తున్నాయి.

పూర్వరంగం

ఈ తగాదా కంప్యూటర్ల కంటే పాతది. 1872 సెప్టెంబరులో హేగ్‌లో జరిగిన మొదటి ఇంటర్నేషనల్ (అంతర్జాతీయ కార్మిక సంఘం) మహాసభ అరాచకవాది మిఖాయిల్ బకూనిన్‌ను బహిష్కరించింది. ఆ సంఘ జనరల్ కౌన్సిల్ పెత్తనం అక్కడ ప్రధాన వివాదం. నాయకులు లేరనుకునే బృందాల్లో అధికారం మాయమైపోదని, స్నేహితుల గుంపుల చాటుకు చేరి ఎవరికీ జవాబు చెప్పకుండా పోతుందని అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లో వాదించారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1978లో మొదలైన కమ్యూనిట్రీ అనే ఆన్‌లైన్ సందేశ వేదిక సెన్సారును సూత్రప్రాయంగా నిరాకరించింది. ప్రోగ్రామును కూడా సందేశాలు తేలిగ్గా తీసేయడానికి వీల్లేకుండా రాశారు. 1980ల తొలి ఏళ్లలో మోడెంలు చేతికొచ్చిన బడిపిల్లలు దాన్ని బూతులతో నింపేశారు. కొన్ని నెలల్లోనే అది మూతపడింది.

1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊహించిన యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థకు కేంద్ర కార్యాలయం లేదు. అయినా ఏ చర్చావిభాగం ఉండాలో ప్రధాన కంప్యూటర్ల నిర్వాహకులు కొద్దిమందే తేల్చేవారు. వారి అనుమతి అక్కరలేని ‘ఆల్ట్’ శ్రేణి 1987లో వెలిసింది. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది విభాగాల్లో గుప్పించారు. ఇలాంటి సందేశాలను రద్దుచేసే ప్రోగ్రాములు రావడంతో, ఇతరుల రాతలు చెరిపే అధికారం ఎవరిచ్చారన్న నిలదీత మొదలైంది. రద్దు చేసేవారు వివేకంతో జవాబిచ్చారు: సందేశంలో ఏముందో చూడం, ఎన్నిచోట్ల ఎన్నిసార్లు పడిందో మాత్రమే లెక్కిస్తాం.

ల్యాంబ్డామూ (1990–1996)

ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ప్రయోగం ల్యాంబ్డామూ. జిరాక్స్ సంస్థ పాలోఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసే పావెల్ కర్టిస్ 1990లో దీన్ని నెలకొల్పారు. అంతా అక్షరాలతోనే నడిచే ఊహాలోకం ఇది. సభ్యులు మారుపేర్లతో చేరి, గదులూ వస్తువులూ తామే నిర్మించుకునేవారు. సాంకేతిక అధికారం ఉన్నవారిని ‘విజార్డులు’ అనేవారు.

సభ్యుల తగాదాలు తీర్చి విసిగిన కర్టిస్ 1992 డిసెంబరులో, ఇకపై విజార్డులు సాంకేతిక పనులకే పరిమితమవుతారని, సామాజిక నిర్ణయాలు సభ్యులవేనని ప్రకటించారు. ఆ నిర్ణయాలు ఎలా తీసుకోవాలో మాత్రం చెప్పలేదు. 1993 మార్చిలో ‘మిస్టర్ బంగిల్’ అనే పాత్రధారి, ఇతరుల పాత్రలు వారి ప్రమేయం లేకుండానే లైంగిక చర్యలు చేస్తున్నట్టు చూపే ప్రోగ్రామును అందరి ముందూ ప్రయోగించాడు. వెలివేయాలని బాధితులు కోరారు. సభ్యులు సమావేశమై గంటల తరబడి చర్చించారు. అసలు ఏ అధికారమూ వద్దన్నవారూ, విజార్డులు తిరిగి రావాలన్నవారూ ఒకే చోట వాదించుకున్నారు. ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి ఒక విజార్డు తన సొంత నిర్ణయంతో బంగిల్ పాత్రను తొలగించాడు. శిక్ష న్యాయమేనన్నవారిలో కొందరికి కూడా ఆ పద్ధతి నచ్చలేదు. 1993 డిసెంబరులో ‘విలేజ్ వాయిస్’ పత్రికలో జూలియన్ డిబెల్ రాసిన వ్యాసంతో ఈ ఘటన లోకానికి తెలిసింది.

ఆ తర్వాత కర్టిస్ వినతిపత్రాలు, ఓటింగు ప్రవేశపెట్టారు. తగినన్ని సంతకాలు వచ్చిన వినతి ఓటుకు వెళ్లేది. నెగ్గితే విజార్డులు దాన్ని అమలు చేయాలి. సభ్యులే మధ్యవర్తులుగా తగాదాలు తీర్చే పద్ధతి కూడా ఇలాగే వచ్చింది. ఇంత ఓపికగా కట్టుకున్న వ్యవస్థా నిలవలేదు. మధ్యవర్తుల తీర్పులే కొత్త గొడవలకు దారితీశాయి. సైబర్‌లోకంపై ప్రభుత్వాలకు అధికారం లేదని ఇంటర్నెట్ స్వేచ్ఛావాది జాన్ పెర్రీ బార్లో దావోస్ నుంచి ప్రకటించిన మూడు నెలలకు, 1996 మేలో, సాంకేతిక నిర్ణయాన్నీ సామాజిక నిర్ణయాన్నీ విడదీయడం సాధ్యం కాదంటూ విజార్డులు అధికారాన్ని తిరిగి చేపట్టారు.

తర్వాతి కాలం

1999 నవంబరులో సియాటిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యతిరేక నిరసనల వేళ పుట్టిన ఇండీమీడియా వార్తా వేదికలో ఎవరైనా ముందస్తు అనుమతి లేకుండా వార్త ప్రచురించగలిగేవారు. జాతివిద్వేష రాతలు వచ్చిపడటంతో చాలా కేంద్రాలు వాటిని మొదటి పుట నుంచి తప్పించి, కావాలంటే చూసుకునేలా వేరేచోట ఉంచాయి. ఇదీ సెన్సారేనన్న విమర్శ ఆగలేదు.

2001లో మొదలైన ఆంగ్ల వికీపీడియాలో తగాదాలు తీర్చే మధ్యవర్తిత్వ సంఘం 2004 నుంచి పనిచేస్తోంది. 2019 జూన్‌లో, వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ ఆ సంఘాన్ని పక్కనపెట్టి, అనుభవజ్ఞుడైన ఒక ఆంగ్ల వికీపీడియా నిర్వాహకుడిని ఏడాదిపాటు నిషేధించింది. ఆధారాలు చూపలేదు, అప్పీలుకు అవకాశమివ్వలేదు. ఇరవైమందికి పైగా నిర్వాహకులు నిరసనగా తప్పుకున్నారు. కేసు చివరకు సంఘం చేతికి వచ్చింది. సెప్టెంబరులో సంఘం నిషేధాన్ని ఎత్తివేసింది కానీ నిర్వాహక హోదా తిరిగి ఇవ్వలేదు.

వికీమీడియా వికీలన్నిటికీ వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని ఫౌండేషన్ ధర్మకర్తల మండలి 2020 డిసెంబరులో ఆమోదించింది. 2003 డిసెంబరులో ప్రారంభమై, విధానాలను రచ్చబండ పుటలో సభ్యులే చర్చించుకునే తెలుగు వికీపీడియాకు కూడా ఇది వర్తిస్తుంది.