ఇసుక నేర్పిన పాఠము

కాళేశ్వరమున ప్రాణహితను కలుపుకొనిన గోదావరి మరికొంత దిగువకు సాగి, మహదేవపూర్ మండలములోని మేడిగడ్డను చేరును. అచ్చటి బ్యారేజికి 85 ద్వారములు. 2019 జూన్ 21న ప్రారంభమైన ఆ కట్టడమున, 2023 అక్టోబరు 21న ఏడవ భాగములోని స్తంభములు కుంగినవి. ఇసుకపై నిలిచిన కట్టడములకు ఇట్టి ఆపద క్రొత్తది కాదు. దానిని ముందుగా గుర్తించు విద్యను ఇంజనీర్లు చెడిన కట్టడములనుండియే నేర్చిరి. ఆ చరిత్రను మేమిచ్చట క్లుప్తముగా చెప్పదలచితిమి.

ఎగువన నీరు నిలిచినపుడు, ఆ ఒత్తిడికి కొంత నీరు పునాది క్రింది ఇసుకలోనికి దిగి, దిగువన పైకి ఉబుకును. దాని వేగము మితిమీరినచో ఇసుక రేణువులు వెంట కొట్టుకొనిపోవును. దిగువన మొదలైన బొరియ క్రమముగా ఎగువకు ప్రాకును. పై కట్టడ మెంత దృఢమైనను, ఆధారము తొలగిన పిమ్మట కుంగక తప్పదు.

1898లో గంగానదిపై నరోరా ఆనకట్ట చెడుటకు ఇట్లు చొరబడిన నీరే కారణము. పునాది వెంట నీరు నడచు దారి ఎంత పొడవైన అంత క్షేమమని 1910లో బ్లై సూత్రము చెప్పెను. 1935లో అమెరికా ఇంజనీరు లేన్, నిలిచినవియు చెడినవియు కలిపి 200కు పైగా ఆనకట్టల వివరములను సరిపోల్చెను. నీటిని అడ్డుటలో నిలువు దారి, అడ్డదారి కంటె మూడింతలు మేలని తేల్చెను. బ్లై సూత్రము ననుసరించి కట్టిన ఎగువ చీనాబు కాలువ కట్టడములు ఇబ్బంది పెట్టగా, వాని క్రింద గొట్టములు దింపి నీటి ఒత్తిడిని కొలిచిరి. ఆ కొలతల ఆధారమున ఖోస్లా, సహచరులతో కూడి, 1936లో నీరు బయటపడు చోటనే ప్రమాదము మొదలగునని నిరూపించెను. కనుకనే దిగువ చివర తగినంత లోతున అడ్డుగోడ అవసరమైనది.

2023లో జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ మేడిగడ్డను పరిశీలించి, పునాది క్రింది ఇసుక కొట్టుకొనిపోవుటను కారణముగా చూపినది. ప్రణాళిక, నమూనా, నాణ్యత, నిర్వహణములలోని లోపములను పేర్కొన్నది. 2019 వరదలకే దిగువనున్న సిమెంటు దిమ్మెలు చెదరినవనియు తెలిపినది.

చెదరిన ఆ దిమ్మెలు నరోరా వంటివే. అవియు నమోదు కావలసిన సాక్ష్యములు. చెడిన కట్టడపు వివరములను దోషుల నిర్ణయమునకే వాడి మూలపడవేసినచో, తరువాతి ఇంజనీరుకు వానివలన ఉపయోగముండదు. ఏ నదిపైనైనను క్రొత్త ఆనకట్టకు పటము గీయుటకు ముందే అట్టి వివరములన్నియు ముందుంచుకొని, ఈ పునాది క్రింద నీరెటు పోవునని ప్రశ్నించుకొనవలెను. నీటికై ఎదురుచూచు రైతుకు ఆ ప్రశ్న కాగితముపై నున్నపుడే తీరుట క్షేమము.