వైద్యుని రాబడియు వైద్యపు తీరును

వైద్యవృత్తి ధర్మమూలమని మన పెద్దలు చెప్పుదురు. అది సత్యమే. కాని వైద్యుడును సంసారియే. ఆయన యింటను పొయ్యి వెలుగవలెను గదా! కావున వైద్యుడెట్టివాడను ప్రశ్నతోపాటు, ఆయనకు ధనమెట్లు ముట్టుచున్నదను ప్రశ్నయు విచారింపదగినదని మేము తలంచుచున్నాము. ఇందులకు ఇంగ్లండు చరిత్ర మంచి నిదర్శనము.

1911లో లాయిడ్ జార్జి మంత్రిగా నున్నప్పుడు అచట కార్మికులకొఱకు ఆరోగ్యపు బీమా శాసనమయ్యెను. వైద్యుని జాబితాలో జేరిన కార్మికులకు తలకింత చొప్పున ఆయనకు ఏటేట సొమ్ము ముట్టును. రోగి వచ్చినను రాకున్నను ఆ మొత్తము మాఱదు. వైద్యసంఘము 1912లో దీనిని తీవ్రముగ ప్రతిఘటించెను. అయినను 1913 జనవరిలో చికిత్స ఆరంభమగునప్పటికి వేలకొలది వైద్యులు పేరులు వ్రాయించుకొనిరి. బీదలపేటలలోని వైద్యులకు వెనుకటికంటె నిలుకడయైన రాబడి కనబడుట యిందుకొక ముఖ్యకారణము.

1948 జూలై 5వ తేదీన, అనూరిన్ బెవన్ ఆరోగ్యమంత్రిగా నుండగా, జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమయ్యెను. ఆ యొక్క యేర్పాటులోనే కుటుంబవైద్యునకు తలకింత చొప్పునను, దంతవైద్యునకు చేసిన ప్రతిపనికి వేఱువేఱుగను సొమ్మిచ్చిరి. దంతవైద్యులు విరామమెఱుగక పనిచేసిరి. వారి రాబడి సర్కారు అంచనాను మించిపోగా 1949లో రుసుములు తగ్గింపవలసివచ్చెను. 1951లో కట్టుడుపండ్లకు రోగులే కొంత చెల్లింపవలెనని నిర్ణయింపగా, బెవన్ మంత్రిపదవిని త్యజించెను. ఏండ్లతరబడి పుచ్చిన పండ్లతో బాధపడినవా రనేకులుండిరి. కావున ఆ పనియంతయు ధనాశచేతనే జరిగెననుట అన్యాయము.

కుటుంబవైద్యుని కథ వేఱు. రోగులను జూచు గదిని బాగుచేయించినను, నర్సును నియమించినను ఖర్చు తనది. రాబడి మాత్రము పెరుగదు. 1950లో జోసెఫ్ కాలింగ్సు అను వైద్యుడు ప్రకటించిన పరిశీలన, పారిశ్రామిక పట్టణములలోని పెక్కు వైద్యశాలల దుస్థితిని బయలుపఱచెను. 1966లో సహాయకుల జీతములో నూటికి 70 వంతులు సర్కారే తిరిగి యిచ్చునట్లు ఏర్పాటు మాఱెను. పిమ్మట నర్సులును సహాయకులును హెచ్చిరి. పలువురు వైద్యులు కూడి పనిచేయు శాలలు వృద్ధిపొందెను. వైద్యులు వారే, లెక్క మాత్రము మాఱెను.

2004లో మఱియొక పద్ధతి వచ్చెను. రక్తపుపోటు, మధుమేహము మొదలగు విషయములలో 146 సూచికలనుబట్టి 1050 వఱకు మార్కులు గణించి సొమ్మిచ్చుట దాని మార్గము. మొదటి యేటనే వైద్యశాలలు సర్కారు తలంచినదానికంటె ఎక్కువ మార్కులు సంపాదించెను. కొన్ని రోగముల చికిత్స కొంతకాలము త్వరగా మెఱుగుపడెను. కాని ఉబ్బసము, హృద్రోగము గలవారి విషయమున మార్కులు లేని పనుల నాణ్యము తగ్గెనని 2009లో వెలువడిన యొక పరిశోధన తేల్చెను. 2016లో స్కాట్లండు ఆ పద్ధతిని విడిచిపెట్టెను.

ఇదంతయు జూచి వైద్యులు లోభులని నిందించుట సులభము గాని, నిందవలన రోగికి మేలు కలుగదు. పనికింత యన్నచో పని హెచ్చును. తలకింత యన్నచో అశ్రద్ధకు సందు దొరకును. మార్కున కింత యన్నచో మార్కులేనిది మఱుగున పడును. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీయు ఒక్కొక్క చికిత్సకు ముందుగా ధర నిర్ణయించి ఆసుపత్రికి చెల్లించు పద్ధతియే గనుక, ఈ విచారము మనకును అవసరమే. ఏ పనికి సొమ్ము ముట్టుచున్నదో, దేనికి ముట్టుట లేదో ప్రజలు తఱచి యడుగవలెను. రోగి చెప్పుకొను బాధను ఓపికతో వినుట, అక్కఱలేని శస్త్రచికిత్సను వలదనుట — ఇట్టివానికి ధరల పట్టికలో చోటు దొరకుట కష్టము. అవి లోపింపకుండ కనిపెట్టుట సంస్కరణము గోరువారి విధి.