అనర్గళం

తడబాటు లేకుండా, మాట కోసం తడుముకోకుండా సాగే ప్రసంగానికి, పఠనానికి, కవితకు తెలుగులో వాడే విశేషణం అనర్గళం. సంస్కృతంలో ‘అర్గళ’ అంటే తలుపు తెరుచుకోకుండా లోపలివైపున అడ్డంగా బిగించే గడియ. దేవీమాహాత్మ్య పారాయణకు ముందు చదివే అర్గళా స్తోత్రం పేరులో ఉన్నదీ ఇదే. లేమిని తెలిపే ‘అన్’ దీనికి ముందు చేరగా ఏర్పడిన అనర్గళ శబ్దానికి అడ్డు లేనిది అని మొదటి అర్థం. అందువల్లనే కాళిదాసు రఘువంశం మూడో సర్గలో దిలీపుడు యజ్ఞం కోసం విడిచిన గుర్రానికి ఈ విశేషణం వాడాడు. పూర్వం గుర్రానికైనా చెల్లిన ఈ మాట నేటి తెలుగులో దాదాపుగా వాక్కుకే పరిమితమైంది.

దీనికి తోడు మాట ‘ధారాళం’. ప్రవాహాన్ని తెలిపే ‘ధార’తో ముడిపడినందువల్ల ఇది మాటకూ, దానానికీ కూడా చెల్లుతుంది. ఇంగ్లీషులో 16వ శతాబ్దం చివరినాటికి వాడుకకెక్కిన ‘ఫ్లూయెంట్’ కూడా ప్రవహించడం అనే అర్థమున్న ‘ఫ్లూయెరె’ అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. వీటికన్నా పల్లె నోళ్లలో గడగడా, గుక్కతిప్పుకోకుండా అనేవే ఎక్కువగా వినిపిస్తాయి.

ఎక్కువగా మాట్లాడటమే అనర్గళత కాదన్న ఎరుక వ్యాకరణంలోనే ఉంది. పాణిని అష్టాధ్యాయి ఐదో అధ్యాయంలో ‘వాగ్మి’ని ఒక సూత్రంతో సాధించి, ఆ వెంటనే వచ్చే సూత్రంలో అతిగా మాట్లాడేవాడికి ‘వాచాల’, ‘వాచాట’ రూపాలను విడిగా చెప్పాడు. మొదటిది మెచ్చుకోలు, రెండోది, పాణిని సూత్రాలకు వివరణలు చేర్చిన వార్తికకారుడు స్పష్టం చేసినట్లు, నింద.

ఈ భేదాన్ని కఠినంగా పరీక్షకు పెట్టేది తెలుగువారి అవధానం. కడప జిల్లా ప్రొద్దుటూరు ఈ విద్యకు పేరుపొందిన ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి అక్కడ జంటగా అవధానాలు చేశారు. అవధానంలో ఆశువు అనే అంశం అడిగిన విషయంపై అప్పటికప్పుడు పద్యం చెప్పించి ధారను చూస్తే, నిషిద్ధాక్షరి ఆ ధారకు పనిగట్టుకుని గడియ వేస్తుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత రాగలదని తోచిన అక్షరాన్ని పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగే పండితుడు, వద్దంటాడు. ఛందస్సు తప్పకుండా, అర్థం చెడకుండా మరో అక్షరంతో అవధాని ముందుకు సాగాలి. చివరికి అన్ని పద్యాలనూ వరుసగా అప్పజెప్పడం ధారణ. వినడానికి దగ్గరగా ఉన్నా ఇది ‘ధార’ నుంచి వచ్చిన మాట కాదు. నిలుపుకోవడం అనే అర్థమున్న ‘ధృ’ ధాతువు నుంచి వచ్చింది.

అయితే అనర్గళతను పండిత సభలతోనే కొలిస్తే అది సగం చరిత్రే అవుతుంది. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో రాతిగుట్టల నడుమ ఉన్న ఓర్వకల్లు మండలంలో, 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ చేయూతతో మొదలైన దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద మహిళా పొదుపు సంఘాలు బలపడి, గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యగా ఎదిగాయి. పొదుపు లెక్క పదిమందిలో చెప్పడం, ముందుగా అప్పు ఎవరికి అవసరమో వాదించడం, బ్యాంకు అధికారి ఎదుట కూర్చుని సంఘం తరఫున మాట్లాడటం సభ్యులకు మామూలు పనులయ్యాయి. పదిమందిలో ఆడవారు నోరెత్తకూడదన్న కట్టుబాటు ఉన్న చోట గడియ పడింది నాలుకకు కాదు, సభకు. ఆ గడియ తీయడానికి భాషా శిక్షణ కన్నా ముందు వారికి కూర్చునే చోటు, మాట్లాడే వంతు కావలసి వచ్చాయి.

వస్తాండారు, పోతాండారు వంటి సీమ క్రియారూపాలతో తడుముకోకుండా వాదించగల మనిషి, పాఠ్యపుస్తకాల తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పమన్నప్పుడు నీళ్లు నమిలితే, మాట్లాడటమే రాదని తేల్చడం అన్యాయం. బడిలో పిల్లలకూ, ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో యువతకూ మార్కులు వేసేవారు ఈ తేడాను గుర్తించాలి.