జీడిమొక్క తల్లివేరు



చెట్టు అనగానే మన చూపు కొమ్మమీదికి, కాయమీదికి పోతుంది. నేలలో దాగిన వేరు సంగతి గాలివాన వస్తేగాని గుర్తుకు రాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలలో కొబ్బరి, జీడిచెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. తోట మళ్లీ వేసుకునే రైతు ముందుగా వేరు గుణం తెలుసుకోవాలి.

వేరు కోసి చెట్టును లొంగదీసే పద్ధతి పాతదే. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో థామస్ రివర్స్ అనే నర్సరీ యజమాని బేరిచెట్ల చుట్టూ తవ్వి వేళ్లు కోయించి, చెట్లను పొట్టిగా వుంచి, తొందరగా కాపుకు తెచ్చే విధానాన్ని ప్రచారం చేశాడు. మన దేశంలోనూ నాగపూరు కమలాతోటల్లో నీరు ఆపి, వేళ్లమీద మట్టి తీసి పూత రప్పించే అలవాటున్నది.

యిందులో కిటుకు ఏమిటి? వేరు తెగితే చెట్టుకు అందే నీరు, నత్రజని తగ్గుతాయి. కొమ్మ సాగడం ఆగుతుంది. ఆకు చేసిన ఆహారం కొంత కొత్త వేళ్లకు, కొంత పూతకు పోతుంది. బలిసి, ఆకే తప్ప కాయలేని చెట్టుకు యిది మందే. కాని నిన్నగాక మొన్న నాటిన మొక్కకు పూతతో పనేమిటి? దానికి కావలసింది ఎదుగుదల. వేరు తెగిన లేతమొక్క ఆ దెబ్బ మాన్పుకోవడంతోనే కాలం గడుపుతుంది. పైగా మనది యిసుకనేల, నీరు నిలవదు. యిలాంటి తేలికనేలల్లో కమలాకైనా నీరు ఆపితే చాలు, వేరు బయట పెట్టనక్కర లేదు.

జీడిమామిడి మనదేశపు చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిలునుంచి పడమటి తీరానికి తెచ్చారు. యిసుకలో బతికే గుణాన్నిబట్టి తీరమంతా పాకింది. పూర్వం గోతిలోనే రెండు మూడు పిక్కలు వేసి, మొలిచాక ఒక్కటి వుంచేవారు. తల్లివేరు కదలకుండా తేమకోసం లోతుకు దిగేది. అయితే పిక్కమొక్క తల్లిచెట్టు గుణాన్ని నమ్మకంగా యివ్వదు. అందుకే 1980ల తరువాత లేతకొమ్మ అంటుమొక్కలు వ్యాప్తిలోకి వచ్చాయి. దిగుబడికి మేలు జరిగింది. వేరుమాత్రం సంచిలో యిరుక్కున్నది.

సంచిలో ఎక్కువకాలం వున్న మొక్క తల్లివేరు అడుగు తగిలి చుట్ట తిరుగుతుంది. అలాగే నాటితే ఆ చుట్ట విడదు. పైకి పచ్చగానే వుంటుంది, నేలను మాత్రం గట్టిగా పట్టుకోదు. తిత్లీలో పడిన చెట్లన్నిటికీ యిదే కారణమని అనబోము; అంతటి గాలికి మంచి వేరున్న చెట్టూ పడుతుంది. చేతిలో వున్న జాగ్రత్తను వదులుకోకూడదనే మన మాట.

కనుక ముదిరిన మొక్కలు కొనకండి. వానలు పట్టాక, మట్టిగడ్డ చెదరకుండా సంచి చింపండి. అడుగున చుట్టుకున్న కొసను మాత్రమే పదునైన కత్తితో తీసేయండి. తక్కిన వేళ్ల జోలికి పోవద్దు. అంటు అతుకు నేలకు పైన వుండేట్టు నాటి, వూతకర్ర కట్టండి. మొదళ్ల దగ్గర లోతుగా దున్నకండి. అదీ వేరుకోతే అవుతుంది.

కొమ్మ విరిగితే చిగురిస్తుంది. మొదట్లో చెడిన తల్లివేరును తరువాత బాగుచేయడం ఎవరి తరమూ కాదు.