మెట్టసీమ సంసారముల భోజన వ్యయము: ఒక చారిత్రక పరిశీలనము

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును గజపతులనుండి జయించిన వృత్తాంతము మన ప్రాంతమున బడిపిల్లలకును తెలియును. ఆ దుర్గము చుట్టునున్న పల్లెలలో నాగలిపట్టిన కుటుంబములు ఏమి తిని బ్రతికినవో, అందుల కెంత వెచ్చించినవో చెప్పువారు అరుదు. గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఈ విషయమునకును కొంత చోటుండుట యుచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నెల్లూరు మండలమనగానే మొలగొలుకుల బియ్యము స్ఫురించును. అది పెన్నేటి కాలువల క్రింది మాగాణి కీర్తి. 1850 దశకమున నెల్లూరువద్దను, 1880 దశకమున సంగమువద్దను కట్టిన ఆనకట్టలు తూర్పుభాగమునకు నీరొసగినవి. అనుమసముద్రంపేట, ఆత్మకూరు మొదలు వెలిగొండల పాదమున నున్న ఉదయగిరి వరకు గల నేలలో హెచ్చుభాగము మెట్ట. చెరువు నిండిన యేట వరి. లేనియేట జొన్న, సజ్జ, రాగి, కొర్ర, వరిగ. వానితోపాటు కంది, ఉలవ, అలసంద, అనుములు. బియ్యపుటన్నము పండుగనాటి భోజనము. సంకటియు రొట్టెయు నిత్యభోజనము.

ఆనాటి కూలి చాలవరకు గింజల రూపముననే ముట్టెడిది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము అను కొలతలతో ఇంటి లెక్క సాగెడిది. గింజలు గాదెలోనో పాతరలోనో ఉండుటచే వారమువారము రొక్కమిచ్చి సంతలో కొనవలసినవి కొద్ది: ఉప్పు, చింతపండు, నూనె, బెల్లము, కొందరికి మిరపకాయలు. కూర పెరటిలోనిది, మజ్జిగ ఇంటిదో పొరుగువారిదో. వారపు ఖర్చు స్వల్పమైనను ఆ సంసారమునకు నిశ్చింత లేదు. వాన తప్పినచో గాదె ఒట్టిపోవును. గింజలు కొనుటకు చేత రొక్కముండదు.

ధాత నామ సంవత్సరపు కరువున ఈ సంగతి ఘోరముగా వెల్లడియైనది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన ఆ క్షామమున నెల్లూరు జిల్లాయు చిక్కుకొన్నది. దక్షిణదేశమున మరణించినవారు అరకోటికి మించిరని చరిత్రకారుల అంచనా. సముద్రతీరమున నున్న బకింగ్‌హాం కాలువలో కొంతభాగము ఆ కరువుపనులలో త్రవ్వినదే.

మనిషికి దినమునకు ఎంత తిండి కావలెనను ప్రశ్నపై ప్రభుత్వములోనే ఆనాడు వాదము చెలరేగినది. వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గింపదలచి, 1877 జనవరిలో, కరువుపని చేయు పురుషునకు దినకూలి ఒక పౌను గింజలును, అనగా సుమారు 450 గ్రాములును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టర్ కార్నిష్ దీని నెదిరించెను. ఎండలో మట్టి మోయు మనిషికి ఒకటిన్నర పౌను గింజలైన నుండవలెననియు, వానికి పప్పును కూరలును చేరవలెననియు ఆయన వాదము. తుదకు మద్రాసు ప్రభుత్వము కొంత దిగివచ్చి, సుమారు 570 గ్రాముల గింజలకు 43 గ్రాముల పప్పును చేర్చినది. కడుపు నిండుట వేరు, దేహము నిలుచుట వేరు అను సత్యమును ఆ పిడికెడు పప్పు సర్కారు లెక్కలలో కెక్కించినది.

మరి నలువదియేండ్లకు ఇదే సత్యము వేరొక రీతిని బయటపడినది. మరపట్టిన తెల్లబియ్యమే ఆధారముగా జీవించిన కోస్తాజిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. దానిని పరిశోధించుటకై 1918లో కూనూరున డాక్టర్ మెకారిసన్ ఒక్క గదిలో నారంభించిన శాఖయే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేటి జాతీయ పోషకాహారసంస్థ అదియే. తవుడుతో పోయిన సారము ధనముతో తిరిగిరాదని ఆ పరిశోధనల సారాంశము.

1942లో బర్మా జపానువారి వశమై అచటి బియ్యము రాక నిలిచినది. పిదప కంట్రోళ్లు, రేషను వచ్చినవి. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రమున ఆహారపు కంట్రోళ్లను తొలగించెను. 1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము రెండురూపాయలకు కిలో బియ్యము ప్రవేశపెట్టినది. 2013 నాటి ఆహారభద్రత చట్టము అర్హులైన కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమునకు హక్కు కల్పించినది. గాదె ఒట్టిపోవునను తాతలనాటి భయము ఇట్లు చాలవరకు తొలగినది. ఇది చిన్న మేలు కాదు. కాని పండుగనాటి యన్నము నిత్యభోజనమైనది, సంకటి వెనుకబడినది, పప్పు పలుచనైనది.

ఇక నేటి లెక్క చూతము. పెద్దలకు దినమునకు సుమారు 250 గ్రాముల ధాన్యములు, 85 గ్రాముల పప్పుదినుసులు, 400 గ్రాముల కూరలు అవసరమని 2024లో ఆ సంస్థ సూచించినది. కాయకష్టము చేయువారికి ఇంకను కావలెను. ఈ చొప్పున నలుగురున్న ఇంటికి వారమునకు 7 కిలోల ధాన్యము, 2 కిలోల 400 గ్రాముల పప్పుదినుసులు పట్టును. చట్టము చెప్పిన ధాన్యమే నాలుగున్నర కిలోలకు మించి వచ్చును. తక్కిన రెండు కిలోల పైచిలుకునకు రాగియో, సజ్జయో, జొన్నయో కొనిన చాలును. నూరు గ్రాముల రాగులలో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, అంతే తెల్లబియ్యమున నుండునది పదియే. కందిపప్పు ప్రియమైన వారమున ఉలవలు తేవచ్చును. మాంసకృత్తులలో రెండును ఇంచుమించు సమానమే, నూటికి 22 పాళ్లు. మునగాకు, తోటకూర, పొన్నగంటికూర పెరటిలోనే పెరుగును.

కావున సంతకు పోవునపుడు పప్పునకు వలయు సొమ్ము ముందుగా ముడివేసి, మిగిలినదానితో తక్కినవి కొనుట మేలు. మనలో చాల ఇండ్లలో జరుగునది దీనికి విపర్యయము. చాలీచాలని వారమున మొదట కోతపడునది పప్పే. ఆ కోత మొదట పడునది అందరికి వడ్డించి కడపట కూర్చుండు ఇల్లాలి విస్తరిపైననే. కరువుపనులలో స్త్రీకి పురుషునికంటె తక్కువ కొలిచిన టెంపుల్ దొరను నిందించు మనము, మన యింటి వడ్డనను గూడ ఒకమారు పరికించుట న్యాయము.

పూర్వపు కొలతలు, కూలిరేట్లు, వంటకములు ఎరిగిన వృద్ధులు మన గ్రామములలో దినదినము తగ్గిపోవుచున్నారు. పాత చిట్టాలు, పద్దుపుస్తకములు అటుకలపై చెదలపాలగుచున్నవి. చందాదారులు అట్టివి తమ యింట నున్నచో గ్రంథాలయమునకు తెచ్చి యిచ్చిన, భద్రపరచుటకు వీలగును. మన తల్లులు ఏ కొద్ది ధనముతో ఎందరికి అన్నము పెట్టిరో అవి తెలుపును.