మిరపలో మందుల అవశేషాలు, బూజు విషం: రసాయన సాగులోనూ, సేంద్రియ సాగులోనూ పాటించాల్సిన జాగ్రత్తలు

మనం ఎండుమిరపను కడిగి, తొక్క తీసి తినం. ఎండబెట్టి, కారం పట్టించి మొత్తంగా తింటాం. పైగా 3-4 కిలోల పండు మిరప ఎండితే సుమారు ఒక కిలో ఎండుమిరప వస్తుంది. నీరు ఆవిరైపోతుంది కానీ కాయలో ఉన్న మందు చాలావరకు అందులోనే ఉండి, కిలోకు లెక్క కడితే మరింత చిక్కబడుతుంది. అందుకే కొనేవారు ముందుగా పరీక్షించే పంటల్లో మిరప ఒకటి. ఆ కారం మీ ఇంట్లో పిల్లలూ తింటారు.

రసాయన సాగులో అవశేషాలు ఎందుకు మిగులుతాయి?

మిరపను ఒకేసారి కోయం, విడతలుగా కోస్తాం. ఒకే చెట్టు మీద పండు కాయ, పిందె, పూత కలిసి ఉంటాయి. పూతను కాపాడుకోవడానికి కొట్టిన మందు రెండు రోజుల్లో కోయబోయే కాయ మీద కూడా పడుతుంది. 2021లో నల్ల తామర పురుగు విజృంభించినప్పటి నుంచి ఈ సమస్య పెరిగింది. మూడు నాలుగు రోజులకోసారి, రెండు మూడు మందులు కలిపి కొట్టినా చాలా చోట్ల పురుగు అదుపులోకి రాలేదు. ఖర్చు, కాయలో మందు మాత్రం పెరిగాయి.

మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది. మిరపలో కొన్ని మందులకు ఆ గడువు ఇలా ఉంది:

- ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జి: 3 రోజులు
- ఫిప్రోనిల్ 5 ఎస్‌సి: 7 రోజులు
- ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్: 40 రోజులు

ఇమిడాక్లోప్రిడ్‌ను కోతలు మొదలయ్యాక వాడితే గడువు పాటించడం దాదాపు అసాధ్యం. అవసరమైతే పైరు తొలి దశలోనే వాడండి. కోతల కాలంలో గడువు తక్కువ ఉన్న మందునే ఎంచుకుని, ఒక విడత కోత పూర్తయిన వెంటనే కొట్టండి. తర్వాతి కోతకు సమయం దొరుకుతుంది.

డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంటే వెంటనే కోయవచ్చని కొందరు అనుకుంటారు. అది సరికాదు. త్రికోణం రంగు మందు విష తీవ్రతను మాత్రమే తెలుపుతుంది. ఆగాల్సిన రోజులు లేబుల్‌లో విడిగా చూడాలి.

మందుల సంఖ్య తగ్గించే మార్గాలు

- పొలం చుట్టూ 2-3 వరుసల జొన్న లేదా మొక్కజొన్న రక్షక పంటగా వేయండి.
- తామర పురుగుల ఉనికి తెలుసుకోవడానికి నీలి రంగు జిగురు అట్టలు, పచ్చపురుగు, పొగాకు లద్దె పురుగులకు లింగాకర్షక బుట్టలు పెట్టండి.
- యూరియా మోతాదు మించవద్దు. నత్రజని ఎక్కువైన లేత పైరుకు రసం పీల్చే పురుగులు ఎక్కువగా వస్తాయి.
- పురుగు తొలి దశలో 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయండి.

సేంద్రియ సాగులో మరచిపోకూడనివి

సేంద్రియ పద్ధతిలో పండిన కాయలో సాధారణంగా మందుల అవశేషాలు తక్కువ. అదే దాని పెద్ద బలం. పోషకాల్లో మాత్రం భారీ తేడా ఆశించవద్దు. కారం, రంగు, విటమిన్లు ఎక్కువగా రకం, కాయ పక్వత, ఎండబెట్టే తీరును బట్టి ఉంటాయి.

"బయో" పేరుతో అమ్మే సీసాల విషయంలో జాగ్రత్త పడండి. రిజిస్ట్రేషన్ నంబరు, లేబుల్ లేని వాటిలో రసాయన మందులు కలిసి ఉండవచ్చు. అలాంటి ఒక్క పిచికారీతో మీ ఏడాది కష్టం పరీక్షలో పోతుంది. రసాయన సాగు చేసే పక్క పొలం నుంచి మందు గాలికి కొట్టుకు రాకుండా గట్టు వెంట రక్షక పంట ఉంచండి. జీవామృతాన్ని భూమికి పారించండి. అందులో పేడ ఉంటుంది కాబట్టి కోత దగ్గర పడ్డాక కాయల మీద పడనీయవద్దు.

కల్లంలో వచ్చే విషం

ఇది రెండు రకాల సాగుకూ ఒకటే. తడి కాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. యూరప్ దేశాలు ఎండుమిరపలో కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు మించితే అనుమతించవు. ఒక్క మందూ కొట్టని కాయ కూడా కల్లంలో బూజు పట్టిందంటే తినడానికి పనికిరాదు.

- కాయలను మట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ లేదా శుభ్రమైన సిమెంటు కల్లంపై పలుచగా ఆరబోయండి. రోజుకు రెండు మూడు సార్లు తిరగేయండి.
- మంచు పడకుండా రాత్రిళ్లు కప్పండి. ఉదయం మంచు ఆరాకే తెరవండి.
- కుక్కలు, కోళ్లు, పశువులు కల్లంలోకి రాకుండా చూడండి.
- తేమ 10-11 శాతానికి వచ్చేదాకా ఎండనివ్వండి. కాయను ఊపితే గింజలు గలగలమనాలి.
- తాలు కాయలు, బూజు కాయలు వేరు చేయండి. బూజు కాయలను ఇంటి కారానికీ వాడవద్దు.
- కాయ విరగకుండా, తూకం వస్తుందని టిక్కీలు తొక్కే ముందు నీళ్లు చల్లవద్దు. నిల్వలో బూజు అక్కడి నుంచే మొదలవుతుంది.

అమ్మేటప్పుడు

సేంద్రియ మిరపగా మంచి ధర రావాలంటే ధ్రువీకరణ ఉండాలి. చిన్న రైతులు బృందంగా ఏర్పడి పీజీఎస్ విధానంలో తక్కువ ఖర్చుతో పొందవచ్చు. రసాయన సాగు చేసేవారు ఏ తేదీన, ఏ మందు, ఎంత కొట్టారో, ఎప్పుడు కోశారో నోటు పుస్తకంలో రాసుకోండి. ఎగుమతిదారులు, రైతు సంఘాలు నేరుగా కొనేటప్పుడు ఆ పుస్తకమే మీకు సాక్ష్యం. గడువు పాటించిన కోతను, పాటించలేని కోతను ఒకే కుప్పలో కలపవద్దు.

మందు కొనే ముందు సందేహం ఉంటే దగ్గరలోని వ్యవసాయ లేదా ఉద్యాన అధికారిని, కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. కిసాన్ కాల్ సెంటర్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.